స్పెక్ట్రోమీటరుకు మోటారు చివర్లో తగిలించండి

ల్యాబు కొలతలను కంప్యూటరుకు అప్పగించిన ప్రాజెక్టు రిపోర్టుల్లో ఒక వాక్యం తరచూ కనపడుతుంది: ఇదివరకు అరగంట పట్టే స్పెక్ట్రం స్కాన్ (వెలుతురు ఒక్కో తరంగదైర్ఘ్యం దగ్గర ఎంతుందో వరసగా కొలవడం) ఇప్పుడు పది నిమిషాల్లో అయిపోతోంది. గైడుకు సంతోషం, వైవాకి వచ్చిన ఎక్స్‌టర్నల్‌కు సంతోషం. మిగిలిన ఆ ఇరవై నిమిషాలు ఎక్కడి నుంచి వచ్చాయని మాత్రం ఎవరూ అడగరు. డిటెక్టర్ పాతదే. నాయిస్‌లోంచి బలహీనమైన సిగ్నల్‌ను వేరు చేసి కొలిచే లాక్-ఇన్ పాతదే. శాంపిల్ నుంచి వచ్చే వెలుతురు ఒక్క ఫోటానైనా పెరగలేదు. తరంగదైర్ఘ్యం మార్చడానికి చేత్తో తిప్పే నాబు ఉన్నచోట అడుగు అడుగుగా తిరిగే స్టెప్పర్ మోటారు వచ్చింది, అంతే.

అరగంటలో ఇరవై నిమిషాలు నాబు తిప్పడానికే పోయేవా? పోవు. అందులో చాలా భాగం మీటరు స్థిరపడే దాకా ఆగడానికి పోయేది. తిప్పే మనిషి అంకె ఊగడం మానేదాకా చూసి, అప్పుడు నోటుబుక్కులో రాసుకునేవాడు. ప్రోగ్రామ్ రాసినవాళ్లకు తిప్పడం కనపడింది, రాసుకోవడం కనపడింది. మధ్యలో ఆగడం కనపడలేదు, అది పనిలా ఉండదు కాబట్టి.

అందుకే నేననేది ఇది: స్పెక్ట్రోస్కోపీ కొలతను ఆటోమేట్ చేసేటప్పుడు మోటారు అన్నిటికన్నా చివర రావాలి. మొదట రికార్డు, తర్వాత ఆగడం, ఆ తర్వాత తనిఖీలు, ఆఖరున కదలిక. దాదాపు అందరూ దీన్ని తిరగేసి చేస్తారు. కదిలేది చూడ్డానికి బాగుంటుంది, వీడియో తీసి చూపించొచ్చు. మోటారు తిరిగిన రోజే ప్రాజెక్టు సగం అయిపోయినట్టు అనిపిస్తుంది. మిగతావి "తర్వాత చేద్దాం" జాబితాలోకి వెళ్లి అక్కడే ఉండిపోతాయి.

మాట గాల్లో ఉండకుండా ఒక సెటప్ పెట్టుకుందాం. అర మీటరు చెర్నీ-టర్నర్ మోనోక్రోమేటర్ (వెలుతురులోంచి ఒక్కో తరంగదైర్ఘ్యాన్ని విడదీసే పెట్టె), మిల్లీమీటరుకు 1200 గీతల గ్రేటింగ్, 405 నానోమీటర్ల డయోడ్ లేజర్, దాని దారిలో ఛాపర్ (వెలుతురును ఒకే వేగంతో ఆపుతూ వదులుతూ తిరిగే చక్రం), బయటి స్లిట్ దగ్గర వెలుతురును కరెంటుగా మార్చే ఫొటోమల్టిప్లయర్ ట్యూబు (పీఎంటీ), అక్కడి నుంచి ఎస్‌ఆర్830 లాక్-ఇన్. స్లిట్లు 300 మైక్రాన్లు తెరిస్తే బ్యాండ్‌పాస్ (ఒకేసారి బయటికి వచ్చే తరంగదైర్ఘ్యాల వెడల్పు) దాదాపు అర నానోమీటరు. కొలవాల్సింది ఒక ఫాస్ఫర్ పొడి ఫొటోల్యూమినిసెన్స్ (లేజర్ పడ్డప్పుడు అది వెదజల్లే వెలుతురు), 440 నుంచి 850 నానోమీటర్ల దాకా, అర నానోమీటరు చొప్పున. మొత్తం 821 బిందువులు.

ఇరవై నిమిషాల లెక్క

లాక్-ఇన్ టైమ్ కాన్‌స్టెంట్ (అది సిగ్నల్‌ను ఎంతసేపు సగటు చేస్తుందో చెప్పే అంకె) 300 మిల్లీసెకన్లు, ఫిల్టర్ వాలు (నాయిస్‌ను ఎంత నిటారుగా కోస్తుందో చెప్పే అంకె) 12 డెసిబెల్స్ అనుకోండి. సిగ్నల్ ఒక్కసారిగా మారితే, ఆ మార్పులో 99 శాతం బయటికి కనపడడానికి టైమ్ కాన్‌స్టెంట్‌కు 6.6 రెట్ల సమయం కావాలి. అంటే రెండు సెకన్లు. మోటారు కదలడానికి, రీడింగు తెప్పించుకోవడానికి ఇంకో 0.2 సెకన్లు. 821 బిందువులకు 1806 సెకన్లు, అరగంట. ప్రోగ్రామ్‌లో ఎవరో "అర సెకను చాలులే" అని పెడితే అదే స్కాన్ 575 సెకన్లలో, పది నిమిషాల లోపే అయిపోతుంది. రిపోర్టులో రాసుకున్న విజయం ఇదే.

అర సెకను తర్వాత ఈ ఫిల్టర్ నిజమైన మార్పులో ఎంత చూపిస్తుందో లెక్క కట్టి చూస్తే 50 శాతం. సగం. ప్రతి బిందువులోనూ దాని వెనకటి బిందువుల వాసన ఉంటుంది. 40 నానోమీటర్ల వెడల్పున్న ఎమిషన్ పట్టీలో ఇది కంటికి ఆనదు, శిఖరం 0.3 నానోమీటర్ల మేర స్కాన్ దిశలో జరుగుతుంది, అంతే. యూరోపియం లాంటి అయాన్ల సన్నని గీతల్లో మాత్రం గీత పొట్టిదవుతుంది, ఒక వైపు తోక సాగుతుంది. ఆ తోకను చూసి "క్రిస్టల్‌లో రెండు రకాల స్థానాలున్నాయి" అని చర్చ రాసేవాళ్లు ఉంటారు. ఆ రెండో స్థానం లాక్-ఇన్‌లోని రెండో దశ ఫిల్టర్‌లో ఉంది.

పట్టుకోవడం తేలిక. అదే శాంపిల్‌ను 440 నుంచి పైకి ఒకసారి, 850 నుంచి కిందికి ఒకసారి స్కాన్ చేసి రెండు గ్రాఫులూ ఒకదాని మీద ఒకటి పెట్టండి. శిఖరాలు కలవకపోతే కారణం రెండిట్లో ఒకటి: టైమ్ కాన్‌స్టెంట్, లేదా గేర్ల వదులు (బ్యాక్‌లాష్). ఏదో తేల్చడానికి ఆగే సమయాన్ని రెట్టింపు చేసి మళ్లీ రెండు వైపులా కొలవండి. తేడా తగ్గితే తప్పు టైమ్ కాన్‌స్టెంట్‌ది. తేడా కదలకుండా అలాగే ఉంటే బ్యాక్‌లాష్. చాలా సెటప్‌లలో రెండూ కలిసి ఉంటాయి, కొంత తగ్గి కొంత మిగులుతుంది.

టైమ్ కాన్‌స్టెంట్ తగ్గించి వాలు పెంచితే సరిపోతుంది కదా అనొచ్చు. 100 మిల్లీసెకన్లు, 24 డెసిబెల్స్ పెడితే స్థిరపడడానికి ఒక్క సెకను చాలు, నిజమే. కానీ నాయిస్ బ్యాండ్‌విడ్త్ 0.42 హెర్ట్జ్ నుంచి 0.78 హెర్ట్జ్‌కు పెరుగుతుంది, నాయిస్ దాదాపు 1.4 రెట్లవుతుంది. సమయం సగమైతే నాయిస్ రూట్ రెండు రెట్లు: ఏ వాలు పెట్టినా లెక్క అటూ ఇటూగా ఇక్కడికే వస్తుంది.

ఇంకొందరు తెలివిగా, రీడింగు మారడం ఆగిందా అని ప్రోగ్రామ్‌తోనే చూపిస్తారు: వరసగా మూడు రీడింగులు దగ్గరగా వస్తే ముందుకు పో. వినడానికి బాగుంది, నాకు మాత్రం నచ్చదు. సిగ్నల్ బలంగా ఉన్నచోట త్వరగా, నాయిస్ ఉన్నచోట ఆలస్యంగా వెళ్తుంది కాబట్టి ఒక్కో బిందువుకు ఒక్కో రకం సగటు అవుతుంది. పైగా నాయిస్‌లో కూడా మూడు రీడింగులు అప్పుడప్పుడు కాకతాళీయంగా కలుస్తాయి. టైమ్ కాన్‌స్టెంట్‌కు ఏడు రెట్లు ఆగి ముందుకు వెళ్లే మొద్దు ప్రోగ్రామే మేలు. తర్వాత ఎవరైనా అడిగితే ఒక్క ముక్కలో జవాబు చెప్పొచ్చు.

మొదట రాయాల్సింది ఫైలు

మోటారు లేకుండా ఆటోమేషన్ ఏమిటి అనే ప్రశ్న వస్తుంది. ఇలా: నాబు చేత్తోనే తిప్పండి. తరంగదైర్ఘ్యం చూపే కౌంటరు మీది అంకెను కీబోర్డు మీద కొట్టండి. ఎంటర్ నొక్కగానే ప్రోగ్రామ్ రెండు సెకన్లు ఆగి, లాక్-ఇన్‌ను అడిగి, వచ్చిన విలువను అప్పటికప్పుడే డిస్కు మీద రాసి, తర్వాతి అంకె కోసం ఎదురుచూస్తుంది. 821 బిందువులు ఇలా ఎవరూ చేయరు, చేయమని చెప్పడం కూడా లేదు. 5 నానోమీటర్ల చొప్పున 83 బిందువులు చేయండి. ఆ 83 బిందువుల గ్రాఫు తర్వాత మోటారుతో వచ్చే ప్రతి గ్రాఫుకూ సాక్షిగా నిలుస్తుంది. రెండూ కలవని రోజున దేన్ని అనుమానించాలో తెలుస్తుంది.

ఈ దశలోనే బయటపడే చిక్కులు కొన్నుంటాయి. పరికరాన్ని కంప్యూటరుకు కలిపే కొత్త జీపీఐబీ అడాప్టర్ ధర చూసి వెనక్కి తగ్గే ల్యాబులు ఎస్‌ఆర్830 వెనకున్న ఆర్‌ఎస్-232 (సీరియల్) సాకెట్టును వాడుకుంటాయి. అందులో తప్పేమీ లేదు. కాకపోతే ఈ పరికరం తన జవాబులను ఏ సాకెట్టు గుండా పంపాలో ఒక కమాండ్‌తో నిర్ణయించాలి, దాని పేరు అవుట్‌ఎక్స్. సున్నా అంటే సీరియల్, ఒకటి అంటే జీపీఐబీ. అది తప్పుగా ఉంటే పరికరం కమాండ్లన్నీ వింటుంది, సెట్టింగులు మారుస్తుంది, జవాబు మాత్రం ఇంకో సాకెట్టుకు పంపుతుంది. కేబులు పోయిందనుకుని మార్చడం మొదలుపెడతారు.

లాక్-ఇన్ ఇచ్చే ఎక్స్, వై విలువలను (ఛాపర్‌తో కలిసి నడిచే భాగం, దానికి పావు చుట్టు తేడాతో నడిచే భాగం) విడివిడిగా అడక్కుండా స్నాప్ కమాండ్‌తో ఒకే క్షణంలో తెప్పించుకోవాలి. రెండూ కలిపిన పరిమాణమైన ఆర్ ఒక్కటే రాసుకునే అలవాటు మానాలి. ఆర్ ఎప్పుడూ పాజిటివే. సిగ్నల్ లేనిచోట నాయిస్ కూడా పాజిటివ్‌గా పేరుకుని బేస్‌లైన్‌ను పైకెత్తుతుంది, దాన్ని "బలహీనమైన విస్తృత ఎమిషన్" అనుకునే ప్రమాదం ఉంది. వై వల్ల ఇంకో లాభం: మిల్లీసెకను ఆయుష్షున్న ఎమిషన్‌ను 200 హెర్ట్జ్‌తో ఛాప్ చేస్తే ఫేజ్ దాదాపు 51 డిగ్రీలు వెనకబడుతుంది. చెదిరిన లేజర్ వెలుతురుతో ఫేజ్ సరిచేసుకుని ఎక్స్ ఒక్కటే రాసుకుంటే, ఆ గీత అసలు ఎత్తులో 40 శాతం కూడా కనపడదు. పక్కనే నానోసెకన్ల ఆయుష్షున్న పట్టీ పూర్తి ఎత్తులో ఉంటుంది. రెండిటి నిష్పత్తి తీసి పట్టికలో వేస్తే ఆ పట్టిక ఛాపర్ వేగాన్ని చెబుతుంది, పదార్థాన్ని కాదు. ఎక్స్, వై రెండూ ఫైల్లో ఉంటే ఏడాది తర్వాతైనా సంగతేమిటో తవ్వి తీయొచ్చు.

టైమ్‌అవుట్ సంగతి ఇంకా దొంగచాటుది. ప్రోగ్రామ్ అడుగుతుంది, జవాబు ఆలస్యమవుతుంది, ప్రోగ్రామ్ విసిగి ఆ బిందువును వదిలేసి ముందుకు పోతుంది. ఆలస్యంగా వచ్చిన జవాబు బఫర్‌లో కూర్చుని ఉంటుంది. తర్వాతి ప్రశ్నకు అదే జవాబుగా దొరుకుతుంది. అక్కడి నుంచి చివరిదాకా ప్రతి రీడింగూ ఒక బిందువు వెనకది. గ్రాఫులో ఏ లోపమూ కనపడదు. టైమ్‌అవుట్ వస్తే బఫర్ ఖాళీ చేసి అదే బిందువును మళ్లీ అడగాలి, ఫైల్లో ఆ వరస పక్కన గుర్తు పెట్టాలి. ఓవర్‌లోడ్ గుర్తు (సిగ్నల్ పరిధి దాటిందనే హెచ్చరిక) కూడా అంతే: ఎస్‌ఆర్830లో అది ఒకసారి పడితే చదివేదాకా పోదు. రీడింగుకు ముందొకసారి చదివి తుడిచేయాలి, రీడింగు తర్వాత మళ్లీ చదవాలి. రెండోసారి కనపడిందే ఈ బిందువుకు చెందిన ఓవర్‌లోడ్.

ఇక ఫైలు తలకాయ. తేదీ, వేళ, లేజర్ పవర్, ఫిల్టర్, పీఎంటీ వోల్టేజి, ఛాపర్ వేగం, టైమ్ కాన్‌స్టెంట్, వాలు, సెన్సిటివిటీ, ప్రోగ్రామ్ వెర్షన్. లాక్-ఇన్ సెట్టింగులు ప్రోగ్రామ్ పంపినవి రాయకూడదు, పరికరాన్ని తిరిగి అడిగి అది చెప్పినవి రాయాలి. మధ్యలో ఎవరో వచ్చి ముందు ప్యానెల్ మీద బటన్ నొక్కి పోవడం ప్రతి ల్యాబులోనూ ఉన్నదే. స్లిట్ వెడల్పు మైక్రోమీటరు మీద ఉంటుంది, కంప్యూటరుకు తెలిసే దారి లేదు. దాన్ని ప్రతిసారీ మనిషినే అడగాలి, అదీ డిఫాల్టు విలువ ఇవ్వకుండా. డిఫాల్టు ఇచ్చారో, అందరూ కళ్లు మూసుకుని ఎంటర్ కొడతారు. విద్యార్థులు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఫిజిక్సు ప్రొఫెసర్ రంగధామరావు గారి కాలం నుంచీ స్పెక్ట్రోస్కోపీలో పేరుంది. ఆ తరం ఫొటోగ్రాఫిక్ ప్లేట్ల తరం. ప్లేటు మీద శాంపిల్ స్పెక్ట్రం పక్కనే, ప్లేటు కదపకుండా, ఇనుప ఆర్క్ స్పెక్ట్రం కూడా ఎక్స్‌పోజ్ చేసేవారు. తెలిసిన ఇనుప గీతల మధ్య దూరాలు కొలిచి తెలియని గీత తరంగదైర్ఘ్యం తేల్చేవారు. ఆ ప్లేటును ముప్పై ఏళ్ల తర్వాత బీరువాలోంచి తీసినా కొలత, దాని కొలబద్ద రెండూ ఒకే గాజు మీద ఉంటాయి. వేరు చేయాలన్నా కుదరదు. ఇప్పటి రెండు వరసల టెక్స్ట్ ఫైల్లో కొలబద్ద లేదు. మోటారు నియంత్రణ ప్రోగ్రామ్ "546.0" అని రాసిందంటే అది 546 అని నమ్మింది, అంతవరకే.

అందుకని ప్రతి స్కాన్‌కూ ముందొకసారి, వెనకొకసారి పాదరసం దీపం గీతలను 0.05 నానోమీటర్ల అడుగులతో కొలిచి అదే ఫైల్లో పెట్టాలి. 435.833, 546.074, పసుపు జంట 576.960, 579.066. నాలుగు గీతలకూ కలిపి ఎనిమిది, పది నిమిషాలు పడుతుంది. ఒక్కో గీత సగం ఎత్తు దగ్గర ఎంత వెడల్పుందో చూస్తే స్లిట్ వెడల్పు నిజంగా ఎంతో కూడా తెలుస్తుంది, మనిషి తప్పు అంకె కొట్టినా సరే.

చేతికి తెలిసినవి, మోటారుకు తెలియనివి

నాబు తిప్పే మనిషి కావాల్సిన అంకె దాటిపోతే, ఇంకా వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకు వచ్చి ఆగేవాడు. ఎందుకని అడిగితే మా సార్ అలాగే చేయమన్నారనేవాడు. స్క్రూకీ నట్టుకూ మధ్య వదులును ఎప్పుడూ ఒకే వైపు తోసిపెట్టడం అది. మోటారు ప్రోగ్రామ్‌లో దీన్ని విడిగా రాయాలి: చిన్న అంకె వైపు ఎప్పుడు వెళ్లినా లక్ష్యం కన్నా 5 నానోమీటర్లు కిందికి పోయి, అక్కడి నుంచి పైకి రావాలి.

అడుగులు తప్పడం మోటారుకే ప్రత్యేకమైన రోగం. స్క్రూ ఒక్క చుట్టుకు 50 నానోమీటర్లు కదిలే యంత్రానికి 200 అడుగుల మోటారును నేరుగా బిగిస్తే ఒక్కో పూర్తి అడుగు పావు నానోమీటరు. ప్రోగ్రామ్ వేగాన్ని మెల్లగా పెంచకుండా ఒక్కసారిగా పరుగెత్తిస్తే మోటారు లోపల తిరిగే రోటరు వెనకబడుతుంది. స్టెప్పర్ అడుగులు తప్పినప్పుడు నాలుగేసి చొప్పున తప్పుతుంది, కాబట్టి ఈ యంత్రంలో తేడా ఒక నానోమీటరు, రెండు నానోమీటర్లు ఇలా గుండు అంకెల్లో వస్తుంది. చివరి పాదరసం స్కాన్‌లో 546 గీత 547.07 దగ్గర కనపడితే అది అడుగులు తప్పడం, ఆ స్కాన్ పారేయాలి, ఎక్కడ తప్పిందో తెలియదు కనక. 546.15 దగ్గర కనపడితే అది వేడి వల్ల మెల్లగా జరగడం, సరిచేసుకోవచ్చు. ఆ వేడి చాలాసార్లు మోటారుదే. ఆగి ఉన్నప్పుడూ కరెంటు తాగుతూ మోనోక్రోమేటర్ పెట్టెను వెచ్చబెడుతుంది. సరే అని ఆగినప్పుడు డ్రైవర్‌ను పూర్తిగా ఆపేస్తే, మైక్రోస్టెప్పుల (పూర్తి అడుగును విడగొట్టిన చిన్న అడుగుల) మధ్య నిలిచిన రోటరు దగ్గర్లోని పూర్తి అడుగు మీదికి జారొచ్చు, రీడింగు సరిగ్గా అప్పుడే తీస్తాం. హోల్డింగ్ కరెంటును తగ్గించాలి, సున్నా చేయకూడదు. పదహారో వంతు మైక్రోస్టెప్పులతో 0.016 నానోమీటర్ల ఖచ్చితత్వం వచ్చిందని మురిసేవాళ్లకూ ఇదే చెప్పాలి: అది కాగితం మీద. బరువు మోసే రోటరు మైక్రోస్టెప్పులను సమానంగా వేయదు. సన్నని అడుగులు కావాలంటే గేరు పెట్టండి.

మోటారు బిగించేటప్పుడు అడ్డంగా ఉందని పాత అంకెల కౌంటరును పీకేసేవాళ్లుంటారు. దయచేసి పీకకండి. కరెంటు పోతే ప్రోగ్రామ్ మెమరీలోని అడుగుల లెక్క పోతుంది, కౌంటరు మీది అంకె పోదు. యూపీఎస్ ఉందిలే అంటారు, ఆ యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడు మార్చారో అడిగి చూడండి. చవక వెబ్‌క్యామ్ ఒకటి కౌంటరు వైపు తిప్పి, ప్రతి యాభై బిందువులకు ఒక ఫొటో తీయించినా చాలు.

గ్రేటింగ్‌కు రెండో ఆర్డర్ (ఒక తరంగదైర్ఘ్యం దానికి రెట్టింపు దగ్గర కూడా కనపడడం) ఉంటుందని అందరూ పరీక్షలో రాసినవాళ్లే. అయినా 405 లేజర్ పెట్టుకుని 810 దగ్గర సన్నని పదునైన గీత చూసి కొత్త ఎమిషన్ అనుకోవడం జరుగుతూనే ఉంటుంది. లోపలి స్లిట్ ముందు 430 లాంగ్‌పాస్ ఫిల్టర్ (అంతకన్నా పెద్ద తరంగదైర్ఘ్యాలనే పోనిచ్చేది) ఉంటే లేజర్ వెలుతురు ఆగిపోతుంది, రెండో ఆర్డర్ 860 దాకా రాదు. చిక్కు ఫిల్టర్ వీల్‌కు కూడా మోటారు పెట్టినప్పుడు వస్తుంది. వీల్ మూడో గడిలో ఉందని ప్రోగ్రామ్ అంటుంది, అది పల్సులు లెక్కపెట్టి చెప్పే మాట. రెండు గడుల మధ్య ఇరుక్కున్నా అదే మాట చెబుతుంది. గడిగడికీ సెన్సర్ పెట్టడం ఒక దారి. దాంతోపాటు, ఏమీ ఉండకూడని చోట కూడా కొలవాలి. లేజర్ వెలుతురును మాత్రమే చెదరగొట్టే తెల్లటి పలకను శాంపిల్ స్థానంలో పెట్టి 805 నుంచి 815 దాకా ఒక చిన్న స్కాన్. అక్కడ గీత కనపడితే ఫిల్టర్ లేనట్టే.

క్సెనాన్ ఆర్క్ దీపంతో ఎక్సైటేషన్ చేసేవాళ్లకు ఒక్క మాట. దీపం వెలిగించాకే కంప్యూటరు, లాక్-ఇన్, మోటారు డ్రైవర్ ఆన్ చేయాలి. ఆర్క్ అంటుకునేటప్పుడు వచ్చే వేల వోల్టుల పల్సు యూఎస్‌బీ పోర్టులను, మైక్రోకంట్రోలర్ బోర్డులను తినేస్తుంది. దీపాన్ని ప్రోగ్రామ్‌తో వెలిగించాలన్న సరదా ఉంటే మానుకోండి.

సీసీడీ కొంటే పోలేదా?

గట్టి అభ్యంతరం ఇది. సీసీడీ (వేల పిక్సెళ్లున్న కెమెరా చిప్పు) బిగించిన స్పెక్ట్రోమీటర్ కొంటే మోటారూ లేదు, బ్యాక్‌లాష్ లేదు, స్పెక్ట్రం మొత్తం ఒకేసారి వస్తుంది. ఈ అభ్యంతరంలో నేను ఒప్పుకోవాల్సిన బలమైన సంగతి ఒకటుంది. బిందువు తర్వాత బిందువు కొలిచే స్కాన్‌లో తరంగదైర్ఘ్యం, సమయం రెండూ కలిసే నడుస్తాయి. అరగంట లేజర్ కింద ఉన్న శాంపిల్ మెల్లగా వెలిసిపోతుంటే, ఎరుపు వైపు కొలిచేసరికి సిగ్నల్ తగ్గి ఉంటుంది, స్పెక్ట్రం ఆకారమే మారిపోతుంది. నెమ్మదిగా, ఓపిగ్గా, ఏడు రెట్లు ఆగి కొలిచే నా పద్ధతి ఈ రోగాన్ని ఇంకా పెంచుతుంది! సీసీడీలో ఆ బాధ లేదు, వెలిసిపోవడం అన్ని తరంగదైర్ఘ్యాలనూ ఒకేసారి తగులుతుంది.

స్కాన్ చేసే యంత్రంలో దీనికి మందు, ప్రతి యాభై బిందువులకు ఒకసారి శిఖరం దగ్గరికి తిరిగి వచ్చి కొలవడం, లేజర్‌లో కొంత భాగాన్ని ఫొటోడయోడ్ మీదికి మళ్లించి ప్రతి బిందువులోనూ దాన్ని కూడా రాయడం. ఫొటోడయోడ్ నిలకడగా ఉండి శిఖరం తగ్గుతుంటే తప్పు శాంపిల్‌ది, రెండూ తగ్గుతుంటే లేజర్‌ది. మోటారు ఉంటే ఇలా వెనక్కీ ముందుకీ తిరగడం సుఖం, చేత్తో నరకం. మోటారును చివర్లో పెట్టమన్నాను గానీ వద్దనలేదు.

సీసీడీకి దాని సొంత బాధలున్నాయి. ఇంటిగ్రేషన్ టైము మార్చిన వెంటనే వచ్చే మొదటి ఫ్రేము చాలాసార్లు పాత టైముతో నిండినదే, దాన్ని పారేసి రెండోది తీసుకోవాలి. 16 బిట్ల పరికరంలో 65535 దగ్గర పిక్సెల్ నిండిపోతుంది. పది ఫ్రేముల సగటు తీసే ప్రోగ్రామ్‌లో నాలుగు ఫ్రేములు నిండి, ఆరు నిండకపోతే సగటు 62000 అని బుద్ధిగా కనపడుతుంది. నిండిందో లేదో ఫ్రేము ఫ్రేముకూ చూడాలి, సగటులో కాదు. గది వెలుతురు సంగతి కూడా ఉంది. పాత ట్యూబులైటు లోపలికి దూరితే 546 దగ్గర పాదరసం గీత పొడుచుకు వచ్చి తానే దొంగనని చెప్పేది. ఇప్పటి ఎల్‌ఈడీ వెలుతురు 450 దగ్గర ఒక గుట్ట, పక్కన ఒక వెడల్పాటి పసుపు కొండ. ఫాస్ఫర్లు కొలిచేవాడికి అది అచ్చం తన శాంపిల్ లాగే ఉంటుంది. లేజర్ మూసి డార్క్ తీయడం ప్రోగ్రామ్ చేసే పని కావాలి, మనిషికి గుర్తుంటే చేసే పని కాకూడదు. దానికి మోటారు అక్కర్లేదు, ఒక సోలనాయిడ్ షట్టర్ చాలు.

చేయి కూడా నమ్మదగింది కాదు

ఇంతవరకూ మనిషి చేతిని పొగిడినట్టు అనిపిస్తే, రెండో వైపు కూడా చెప్పాలి. చేత్తో కొలిచేవాడు గ్రాఫు తనకు కావాల్సినట్టు రానిచోట మళ్లీ కొలుస్తాడు. కావాల్సినట్టు వచ్చినచోట ఒక్కసారితో సరిపెడతాడు. మీటరు అంకె 3.41, 3.46 మధ్య ఊగుతుంటే వెనకటి శాంపిల్‌కు వచ్చిన 3.45కు దగ్గరగా ఉన్నదాన్ని రాస్తాడు. ఇది మోసం కాదు, చేస్తున్నట్టు అతనికే తెలియదు. ప్రోగ్రామ్‌కు ఇష్టాయిష్టాలు లేవు. ఆటోమేషన్ వల్ల వచ్చే అసలు లాభం వేగం కాదు, ఇది. కాకపోతే ఈ లాభం మోటారు వల్ల రాదు. ఎప్పుడు చదవాలి, ఎన్నిసార్లు చదవాలి అన్నది మనిషి చేతిలోంచి తీసేసినందుకు వస్తుంది. నాబు చేత్తో తిప్పుతూ ఎంటర్ కొట్టే ఆ మొదటి దశలోనే వచ్చేస్తుంది.

ఆ లాభాన్ని వెంటనే పోగొట్టుకునే దారి కూడా ఉంది: స్మూతింగ్, బేస్‌లైన్ తీసివేత, డిటెక్టర్ సరిదిద్దడం అన్నీ కొలిచే ప్రోగ్రామ్‌లోనే చేసి, చివరి గ్రాఫును మాత్రమే దాచడం. హాలోజన్ దీపంతో తీసిన రెస్పాన్స్ సవరణ ఒకసారి ప్రోగ్రామ్ చేస్తుంది, అది తెలియక విద్యార్థి మళ్లీ చేస్తాడు. నానోమీటర్ల నుంచి ఎలక్ట్రాన్ వోల్టులకు మార్చేటప్పుడు తీవ్రతను తరంగదైర్ఘ్యం వర్గంతో గుణించడం కూడా అంతే. ఒకరు రెండుసార్లు చేస్తారు, ఇంకొకరు అసలు చేయరు, ఇద్దరి గ్రాఫులూ ఒకే థీసిస్‌లో పక్కపక్కన ఉంటాయి. కొలిచే ప్రోగ్రామ్ వోల్టులు రాసి ఊరుకోవాలి. మిగతాదంతా వేరే ప్రోగ్రామ్, వేరే ఫైలు.

రాత్రంతా నడిచే కొలతలు

పూర్తి ఆటోమేషన్ తప్పనిసరైన చోట్లున్నాయి. శాంపిల్‌ను బాగా చల్లబరిచే హీలియం క్లోజ్డ్ సైకిల్ క్రయోస్టాట్‌లో 10 కెల్విన్ నుంచి 300 కెల్విన్ దాకా, 10 కెల్విన్ల చొప్పున స్పెక్ట్రాలు తీయాలంటే మనిషి కూర్చోలేడు. ఇక్కడ నా క్రమం ఇంకా గట్టిగా వర్తిస్తుందనే అనుకుంటాను, పక్కన చూసేవాడు లేడు కనక. కంట్రోలర్ 80 కెల్విన్ చూపగానే స్కాన్ మొదలుపెట్టకూడదు. సెన్సర్ కోల్డ్ ఫింగర్ (క్రయోస్టాట్‌లో చల్లబడే లోహపు కొస) మీద ఉంటుంది, శాంపిల్ దానికి గ్రీజుతో అంటుకుని ఉంటుంది, వేడి శాంపిల్ దాకా రావడానికి దాని సమయం దానికి కావాలి. ఒకే ఉష్ణోగ్రత దగ్గర వరసగా రెండు స్కాన్లు తీసి అవి కలిస్తేనే ముందుకు వెళ్లాలి. చల్లబడే కొద్దీ కోల్డ్ ఫింగర్ కుంచించుకుని శాంపిల్ మీద వెలుగు మచ్చ జరుగుతుంది, ఆ మచ్చ స్లిట్ మీదినుంచి తప్పుకుంటే సిగ్నల్ పడిపోతుంది. ఉష్ణోగ్రతతో తీవ్రత ఎలా మారిందో గీసి యాక్టివేషన్ ఎనర్జీ లెక్క కట్టే ముందు, పైకి వెళ్తూ తీసిన వరసను కిందికి వస్తూ తీసిన వరసతో పోల్చాలి. అయితే మచ్చ రెండు సార్లూ ఒకేలా జరిగితే ఆ వరసలు కలిసిపోతాయి, తప్పు దాక్కుంటుంది. రెండు మూడు ఉష్ణోగ్రతల దగ్గరైనా మనిషి వెళ్లి మచ్చను చూడక తప్పదు.

కంప్యూటరు వైపు: స్లీప్ ఆపాలి, విండోస్ అప్‌డేట్‌ను వాయిదా వేయాలి, యూఎస్‌బీ పోర్టులకు కరెంటు తగ్గించే సెట్టింగు తీసేయాలి. ఏ పరికరం ఏ కామ్ పోర్టులో ఉందో అంకెను బట్టి నమ్మకుండా, మొదట్లోనే ప్రతి పోర్టునూ "నువ్వెవరు" అని అడిగే ఐడీఎన్ ప్రశ్నతో తేల్చుకోవాలి. కనెక్షన్ తెగిన ప్రతిచోటా ప్రోగ్రామ్ చేయాల్సిన మొదటి పని షట్టర్ మూసి, పీఎంటీ హై వోల్టేజి దించడం. ఎర్రర్ ఏదైనా సరే, ఫైలు రాయడం కూడా దాని తర్వాతే. పొద్దున్నే వచ్చిన మనిషి ఏమైందో చూద్దామని శాంపిల్ పెట్టె మూత తీస్తాడు, వోల్టేజి ఇంకా ఉంటే గది వెలుతురంతా ట్యూబు మీద పడుతుంది. ఆ మూతకు పెట్టే స్విచ్‌ను కంప్యూటరుకు కాదు, నేరుగా హై వోల్టేజి సప్లై ఇంటర్‌లాక్‌కు కలపాలి. ప్రోగ్రామ్ హ్యాంగయిన రోజున కూడా అది పనిచేయాలి.